బావ దోనె కింద మా మిద్దె

నేను పెళ్ళయి ధర్మవరం వచ్చినప్పుడు మా అత్తగారిది ఒకటే ఇల్లు. ముందు వసారా, లోపల రెండు మగ్గాలు పట్టే పెద్ద గది, వెనక వంటిల్లు, పైన మట్టి మిద్దె. మా మామ పోయిన ఏడాదికే అన్నదమ్ములు భాగాలు పంచుకున్నారు. ఇంటి నడిమధ్యన గోడ లేచింది. తూర్పు సగం మా బావకు, అంటే మా ఆయన అన్నకు. పడమటి సగం మాకు. మగ్గం అటొకటి, ఇటొకటి. అత్త పెద్దకొడుకు దగ్గర ఉండిపోయింది.

బావ చురుకైన మనిషి. నాలుగైదేళ్ళలో నలుగురు నేతగాళ్ళకు పట్టు ఇచ్చి నేయించే స్థితికి వచ్చాడు. రాగానే తన సగం మీది మట్టి తీసేసి, గోడలు మూరెడు పైకి లేపి, బండలు పరిచి గచ్చు పోయించాడు. మంచిదే. కానీ ఆ మిద్దె మీది వాన నీళ్ళు కిందికి దుమికే రాతి దోనెను మాత్రం మా వైపు పెట్టించాడు. వీధి వైపు పెడితే తన గుమ్మం ముందర బురదవుతుందని ఆయన లెక్క. దాంతో వాన పడినప్పుడల్లా ఆయన మిద్దె నీళ్ళన్నీ మూరెడు ఎత్తు నుంచి మా మట్టి మిద్దె మీద పడేవి.

మట్టి మిద్దె సంగతి తెలియనివాళ్ళకు చెప్తాను. దూలాల మీద దంతెలు, అంటే సన్నటి అడ్డకట్టెలు పేరుస్తారు. వాటి మీద ఆకూ కంపా పరిచి, ఎర్రమన్ను తొక్కి, ఆపైన చౌడు పరుస్తారు. చౌడంటే చవిటి నేలల్లో దొరికే తెల్లమన్ను. అది తడిస్తే జిగురు పట్టి బిగుసుకుపోతుంది, నీటిని దిగనివ్వదు. కానీ ఏటా వానలకు ముందు కొత్త చౌడు వేసి తొక్కాలి. ఒక్క ఏడు బద్ధకిస్తే మరుసటి ఏడు ఇల్లంతా ఉరుస్తుంది. మామూలు వానకే ఇంత చాకిరీ. ఇక ఒకేచోట ధార కట్టి పడే నీళ్ళకు ఏ చౌడు ఆగుతుంది? ఆ దోనె కింద మా మిద్దె మీద గుంట పడింది. గుంట కింద దంతెలు నానాయి. నానిన దంతెలకు చెదలు పట్టాయి.

మా ఆయన నెమ్మదస్తుడు. అన్నను ఒకసారి అడిగాడు, దోనె తిప్పించమని. ఆయన చూద్దాం అన్నాడు. రెండోసారి అడగడానికి ఈయనకు నోరు రాలేదు. ఆ ఏడు తుపాను ముసురుకు మగ్గం మీద ఉన్న పెళ్ళిచీరె తడిసి, ఎరుపు రంగు అంచులోకి పాకింది. నెల రోజుల కష్టం పోయింది. అప్పుడు కూడా ఈయన ఏమీ అనలేదు. నేను వారం రోజులు ఈయనతో సరిగ్గా మాట్లాడలేదు.

మరుసటి ఏడు వినాయక చవితి దాటాక మిద్దె బాగు చేద్దామని ఈయనే పైకెక్కాడు. యుద్ధం నడుస్తున్న రోజులవి. పట్టు సరిగ్గా దొరకక మగ్గం మూడు రోజులు ఆడితే నాలుగు రోజులు ఆగేది. చేతిలో తీరిక ఉంది కదా అని ఎక్కాడు. నేను వాకిట్లో పట్టు దారం కండెలకు చుడుతున్నాను. లోపల పెళపెళమని శబ్దం. పరుగెత్తి చూస్తే మిద్దెలో బొక్క, బొక్కలోంచి ఎండ, ఆ ఎండలో దుమ్ము, కింద మట్టిలో మా ఆయన. దోనె కింద చెదలు తిన్న చోటనే కాలు పెట్టాడు. కుడి తొడ ఎముక విరిగింది.

ముదిగుబ్బ వైపు నుంచి కట్టు కట్టే మనిషి వచ్చాడు. వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టి, మూడు నెలలు కాలు కింద మోపితే జీవితాంతం మోపలేవని చెప్పిపోయాడు. ఈయనను గదిలో మగ్గం పక్కన మంచం మీద పడుకోబెట్టాను. పైన తట్టంత బొక్క. స్వాతి కార్తె ఇంక నెలన్నర దూరంలో ఉంది. మా వైపు అసలు వానలు అప్పుడే. వేసవిలో, ఆషాఢంలో మేఘం మా ఊరిని తప్పించుకుని పోతుంది కానీ, సముద్రం మీద తుపాను లేచిందంటే ఆ ముసురు మా మీదికి వచ్చి మూడు రోజులు, నాలుగు రోజులు కదలదు.

పడిన నాలుగో రోజు బావ వచ్చాడు. ఆ కాలంలో మేము భర్త అన్నతో ఎదురుపడి మాట్లాడేవాళ్ళం కాదు. నేను వంటింటి తలుపు చాటున నిలబడ్డాను. తమ్ముడి కాలు చూశాడు, కట్టు చూశాడు, తలెత్తి బొక్క చూశాడు. ఇంక ఈ ఇంటి పని అయిపోయినట్టేనన్నాడు. ఈ ముసురుకు నిలబడదన్నాడు. కాలు బాగయ్యేదాకా పెనుకొండలో మా పుట్టింటికి పోతే మేలని, ఈలోగా ఈ సగాన్ని తాను తీసుకుని, మొత్తం పడగొట్టి ఒకటే ఇల్లుగా కట్టుకుంటానని, తరువాత మాకు ఎక్కడో ఒకచోట చూపిస్తానని చెప్పాడు. కోపంగా కాదు, దయగానే చెప్పాడు. నాకు ఆ దయే ఎక్కువ మండింది.

మా ఆయన కప్పు వైపు చూస్తూ, “నువ్వెట్ల చెప్తే అట్లన్నా,” అన్నాడు.

నేను తలుపు చాటు నుంచి బయటికి వచ్చాను. కొంగు తల మీద ఉంది కానీ తల వంచలేదు. ఆయన ముఖం చూసి మాట్లాడడం అదే మొదటిసారి.

“మేము యాడికీ పోము బావా. మిద్దె నేను ఏసుకుంటా. నువ్వు ఆ దోనె తిప్పించు, సాలు.”

ఆయన నన్ను కాదు, గోడను చూశాడు. తరువాత తమ్ముడితో, “నీ పెండ్లానికి మాటలు బాగానే వచ్చినాయిరా,” అని లేచి వెళ్ళిపోయాడు.

ఈయన నా మీద కోప్పడ్డాడు. పెద్దవాణ్ణి పట్టుకుని అట్లా అంటావా అన్నాడు. ఆ కోపంలో నిజం తక్కువ, భయం ఎక్కువ. నేను గంజి కాచి ముందు పెట్టి, మేస్త్రి దగ్గరికి పోయాను.

మేస్త్రి మా వీధి చివర ఉండేవాడు. మా పెళ్ళికి ముందు నుంచీ ఆ ఇంటి మిద్దె వేసింది ఆయనే. నన్ను చూడగానే విషయం తెలిసినట్టు కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు. బావ కొత్త గోదాం కట్టుకుంటున్నాడట, దీపావళి దాకా ఖాళీ లేదట. దీపావళికి వానలు వచ్చేస్తాయి కదా అంటే, ఏం చేద్దామమ్మా అన్నాడు. ఒక్క పూట వచ్చి దంతెలు మార్చు, మిగతాది నేను చూసుకుంటానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. తప్పు ఆయనది కాదు, ఏడాదంతా పని ఇచ్చే మనిషిని కాదని నా దగ్గరికి ఎట్లా వస్తాడు? కానీ ఆ రోజు నాకు అంత ఆలోచన రాలేదు. తిరిగి వస్తూ దారంతా ఆయనను తిట్టుకుంటూనే వచ్చాను.

మా అమ్మ బ్రతికుండగా పెనుకొండలో మా ఇంటి మిద్దె ఏటా ఆమే తొక్కేది. మా నాయన కొండ కింద ముతక నూలు చీరెలు నేసేవాడు. మగ్గం దిగి మిద్దె ఎక్కడానికి ఆయనకు తీరేది కాదు. అమ్మ వెంట నేనూ ఎక్కి తొక్కేదాన్ని. చౌడును చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకోవడం ఆమే నేర్పింది. ఉప్పగా, కొంచెం మండినట్టు ఉంటే మంచి చౌడు. చప్పగా ఉంటే వట్టి మన్ను, దాన్ని మోయడం దండగ. ఆ జ్ఞానం నా దగ్గర ఉంది. లేనిది కట్టె.

మా ఇంటి ఎదురుగా సున్నం అమ్మే ముసలామె ఒకతె ఉండేది. తురకామె. భర్త లేడు, పిల్లలు లేరు, రెండు గాడిదలు ఉండేవి. వాటి మీద సున్నపురాయి తెచ్చి కాల్చి అమ్మేది. నేను అవ్వా అని పిలిచేదాన్ని. మా ఆయనకు నాలుగైదు రోజులు గంజి పొయ్యమని ఆమెకు అప్పజెప్పి, పొద్దున రైలుకు పెనుకొండ పోయాను.

నాయన కూడా మొదట బావ అన్న మాటే అన్నాడు. ఇక్కడ ఒక అర్ర ఖాళీగా ఉంది, వచ్చేయండి అన్నాడు. నా ముఖం చూసి మాట ఆపాడు. “ఏం కావాల మ్మా?” అన్నాడు.

“దంతెలు నాయనా. తొమ్మిది. చెదలు పట్టనివి.”

మరుసటి రోజు ఇద్దరం హిందూపురం పోయాం. అక్కడ బజారు వెనక ఒక పాత సత్రం పడగొడుతున్నారని, కట్టె అమ్ముతున్నారని నాయనకు తెలుసు. యుద్ధానికి కలపంతా పోతోందని కొత్త కట్టె ఎక్కడా దొరకని రోజులు. ఆ సత్రం కట్టె అమ్మే ఆయన కన్నడం సగం, తెలుగు సగం మాట్లాడేవాడు. “ఎష్టు బేకమ్మా, దుడ్లు ఉండాయా?” అని, ఎన్ని కావాలో, డబ్బులున్నాయో అడిగి నన్ను చూసి నవ్వాడు. నాయన సంచిలోంచి తాను నేసిన నూలు చీరెలు రెండు తీసి ముందు పెట్టాడు. ఆ రోజుల్లో దుడ్ల కంటే బట్టకే గిరాకీ. ఆయన నవ్వడం ఆపి చీరెలు విప్పి వెలుతురుకు పట్టి చూశాడు.

నాయన ఒక్కో దంతెను వేలి కణుపుతో తట్టి చెవి పెట్టి విన్నాడు. డొల్ల మోగినవి పక్కకు నెట్టాడు. గంటసేపు వెతికి తొమ్మిది వేప దంతెలు ఏరాడు. పొగకు నల్లబడి రాయిలా ఉన్నాయి. బెల్లం దింపి ధర్మవరం వైపు ఖాళీగా పోతున్న ఎద్దులబండి ఒకటి దొరికింది. బండివాడి వెంట అతని భార్య కూడా ఉంది కాబట్టి నేనూ అందులోనే ఎక్కాను. పెనుకొండలో నాయన దిగిపోయాడు. ధర్మవరం దాకా రాను, నీ బావ ముఖం చూస్తే నాకు నోరు జారుతుంది, అది నీకే చేటు అన్నాడు. దిగాక చక్రం పట్టుకుని కొంచెం దూరం బండితో పాటు నడిచాడు. “మీ అమ్మ ఉంటే తనే వచ్చి మిద్దె ఎక్కుండు మ్మా,” అన్నాడు.

బండి వీధిలోకి వచ్చినప్పుడు బావ అరుగు మీద ఉన్నాడు. దంతెలు దింపుతుంటే చూశాడు, లోపలికి పోయాడు.

ఆ మరుసటి రోజు పొద్దున నేను మిద్దె ఎక్కాను. నిచ్చెన అవ్వది. చీరె కుచ్చెళ్ళు వెనక్కి బిగించి కట్టుకున్నాను. చేతిలో పార, తట్ట. పాత మన్నంతా తీయడానికి రెండు రోజులు పట్టింది. తీసేకొద్దీ చెదల బారులు, నల్లబడిన ఆకు, ఎలుకల బొక్కలు. కాలు ఎక్కడ పెట్టాలో తెలియదు. పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. అప్పుడు మా ఆయన కింది నుంచి సాయం పట్టాడు. ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని కప్పునే చూస్తూ ఉంటాడు కదా, ఏ దంతె వంగిందో, ఎక్కడ వెలుతురు చుక్కలు కనపడుతున్నాయో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. పొడుగాటి వెదురు కర్ర ఒకటి తెచ్చిమ్మన్నాడు. దాంతో కింది నుంచి పొడిచి చూపేవాడు. “ఈడ పెట్టొద్దు కాలు. దూలం ఆడ ఉండాది, దాని మీదికి రా,” అని కేక వేసేవాడు. కర్ర కొన మన్నులోంచి పైకి వస్తే నేను అక్కడ తవ్వేదాన్ని.

మొదటి రోజు ఆ గొంతులో కోపం ఉంది. రెండో రోజుకు లేదు. మూడో రోజు నేను సరిగ్గా వినకుండా ఒక పాత దంతె మీద కాలు వేస్తే, అది విరగకముందే “ఓమ్మే” అన్నాడు, చిన్నపిల్లవాడిలా. నేను దూలం మీద కూర్చుని కొంచెంసేపు ఊపిరి తీసుకున్నాను. కింద ఆయన ఏడుస్తున్నాడని తెలిసింది. తరువాత కర్ర మళ్ళీ పైకి వచ్చింది.

దంతెలు పైకి లాగడానికి అవ్వ కింద మోకు కట్టేది, నేను పైనుంచి లాగేదాన్ని. నా అరచేతులు పగిలి నెత్తురు వచ్చింది. ఆమె సున్నం పట్టిన చేత్తో వాటిని చూసి, ఇంక మగ్గం పని చేయలేవు, నా గాడిదలు తోలుకో అని నవ్వింది. ఆ గాడిదల మీదే చిత్రావతి పక్క చవిటి నేల నుంచి చౌడు తోలాం. మొదటి విడత నాలుక మీద పెట్టుకుంటే చప్పగా ఉంది. అంతా అక్కడే పారబోసి ఇంకో చోట తవ్వాను.

వీధిలో మాటలు మొదలయ్యాయి. ఆడది మిద్దె ఎక్కి నిలబడితే కింద మగవాళ్ళు నడవడం ఎట్లా అని ఒకరు. మొగుడు మంచంలో ఉంటే ఈమెకు ఇంత బలుపా అని ఒకరు. నాకు వినపడేలాగే అనేవాళ్ళు. నేను వింటూనే మన్ను తొక్కేదాన్ని. తలవంచుకుని పోయేవాళ్ళు పోయారు, పక్క వీధిలోంచి చుట్టు తిరిగి పోయేవాళ్ళు పోయారు. నా మిద్దె పని నాది.

ఆరో రోజు బావ వాకిట్లోకి వచ్చి తల పైకెత్తాడు. వీధిలో పదిమంది చూస్తున్నారు.

“దిగు మ్మా. నలుగురిలో నా పరువు తీస్తాండావు.”

“దోనె తిప్పించు బావా, దిగుతా.”

“అది నా మిద్దె. నా ఇష్టం.”

“ఇది నాది,” అన్నాను.

ఆయన తిరిగి తన అరుగు వైపు నడిచాడు. చూస్తున్నవాళ్ళలో ఒకరిద్దరు నవ్వారు. నేను నవ్వలేదు. మన్ను తొక్కుతూనే ఉన్నాను.

దోనె ఆయన తిప్పడని తేలిపోయింది. అయితే దోనెలోంచి పడే నీళ్ళు మా మిద్దె మీద పారకూడదు, ఒకచోటికి పోవాలి. రెండు రోజులు ఆలోచించాను. నడిమి గోడ వెంట మా మిద్దె మీద జానెడు వెడల్పున నాపరాతి ముక్కలు పరిచి, అవ్వ ఇచ్చిన సున్నంతో అతుకులు పూసి కాలువలా చేశాను. పక్కన గట్టు వేశాను. పైనుంచి పడిన నీరు ఆ కాలువలో పారి వీధి వైపు కొసన కిందికి దుముకుతుంది. వీధి తూర్పుకు వాలు. దుమికిన నీరు నేరుగా బావ గుమ్మం ముందరికే పోతుంది. అది తెలియక చేసింది కాదు. తెలిసే చేశాను. ఆయన నీళ్ళు ఆయన గుమ్మానికి పంపడంలో తప్పేముందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

చివరి రోజు చౌడు పరిచి చదును చేస్తుంటే గచ్చు మిద్దె మీద అత్త కనపడింది. అటు వైపు మెట్లు ఉన్నాయి. గోడ మీద మోచేతులు ఆనించి చాలాసేపు చూసింది. ఆమె కూడా దిగమనడానికి వచ్చిందనుకున్నాను.

“పల్చగా ఏస్తాండావు,” అంది. “బెత్తెడు ఉండాల. మీ మామ బెత్తెడు ఏసేటోడు.”

వెళ్ళిపోయి మళ్ళీ వచ్చింది. ఈసారి బరువుగా ఏదో ఈడ్చుకుంటూ వచ్చింది. మన్ను దిట్టంగా అణిచే చెక్క దిమ్మిస. మామ వాడింది. వాళ్ళ అటక మీద మూలన పడి ఉందట. గోడ మీంచి నా వైపు దొర్లించింది. కొడుకుకు చెప్పి ఇచ్చిందో చెప్పకుండా ఇచ్చిందో నేను అడగలేదు.

ఇంకో విడత చౌడు తోలి బెత్తెడు మందం వేశాను. దిమ్మిసతో రోజంతా కొట్టాను. మిద్దె నడుమ వెలుతురు కోసం ఉండే గవాచి మీద బండ పెట్టి, అంచుకు సున్నం పూశాను. కింద, నేసేటప్పుడు కాళ్ళు దించే మగ్గం గుంట చుట్టూ జానెడు గట్టు వేశాను, ఒకవేళ గుమ్మంలోంచి నీళ్ళు వచ్చినా గుంటలోకి దిగకుండా. వంటింటి వెనక గోడ ఉబ్బి ఉంది. దానికి చేయాల్సింది చాలా ఉంది. చేయడానికి నాకు ఒంట్లో ఓపిక లేదు. రెండు పాత దంతెలు ఆసరాగా పెట్టి, అంతటితో వదిలేశాను.

స్వాతి కార్తె వచ్చిన వారానికి గాలి మారింది. తూర్పు నుంచి చల్లగా, ఆగకుండా వీచింది. మధ్యాహ్నానికి ఆకాశం బూడిద రంగైంది. సాయంత్రం నుంచి వాన.

మొదటి రోజు ఇల్లు ఉరవలేదు. మా ఆయన కప్పును చూస్తూ పడుకున్నాడు, నేను ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాను. ఎక్కడైనా చుక్క పడితే ముందు ఆయనకే కనపడుతుంది. రెండో రోజు పొద్దున ఒక మూల చిన్న తడి మరక వచ్చింది. వెదురు కర్రతో ఆ చోటు చూపించాడు. కంబళి తల మీద వేసుకుని నిచ్చెన ఎక్కాను. గాలికి నిలబడలేక మోకాళ్ళ మీద పాకుతూ పోయాను. వేలెడు పగులు. మడమతో తొక్కి, పొడి చౌడు చల్లి, మళ్ళీ తొక్కాను. పక్కన నా కాలువలో బావ మిద్దె నీళ్ళు ఉరుకుతున్నాయి. ఒక్క చుక్క గట్టు దాటి ఇటు రాలేదు. ఆ వానలో, ఆ చలిలో, దాన్ని చూస్తూ కొంచెంసేపు అక్కడే కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం వంటింటి వెనక గోడ పడింది. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. మన్ను జారే చప్పుడు వినపడి ముందుకు దూకాను. గోడ బయటివైపు కూలింది కాబట్టి బతికాను. పొయ్యి, రెండు కుండలు, జొన్నల గంప వానలో కలిశాయి. పైన కప్పు మాత్రం స్తంభాల మీద నిలబడింది, ఒక మూల కొంచెం వాలింది, అంతే. మగ్గం గదికీ వంటింటికీ మధ్య గుమ్మానికి గోనెసంచులు వేలాడదీసి, మూడు రాళ్ళు పెట్టి మగ్గం పక్కనే పొయ్యి ముట్టించాను. మా ఆయన, “పోదామా పెనుకొండకు?” అన్నాడు. హాస్యానికే అన్నాడు. విరిగిన కాలుతో, కూలిన వంటింటితో ఆయన హాస్యమాడడం చూసి నాకు గోడ పోయిన బాధ సగం తగ్గింది.

మూడో రోజు చెరువు నిండి మరవ పొర్లి పారిందని కేకలు వినపడ్డాయి. వీధి అంతా మోకాలిలోతు ఎర్రనీళ్ళు. నా కాలువ నీళ్ళు దానికి తోడై బావ గుమ్మాన్ని కొడుతున్నాయి. ఆయన గడప దాటి నీరు లోపలికి పోయింది. పట్టు ఉండే గదికి ఇంకా చేరలేదు కానీ చేరేలా ఉంది. ఆయన నడుముకు పంచె బిగించుకుని తడుస్తూ మా వసారాలోకి వచ్చాడు.

“ఆ కాలువ తీసేయ్ మ్మా. నా ఇల్లు మునుగుతాంది.”

ఈసారి మా ఆయన మాట్లాడాడు. మంచం మీంచి లేవకుండానే, గొంతు పెంచకుండానే అన్నాడు. “కాలువ కాదన్నా. దోనె.”

బావ అక్కడే నిలబడ్డాడు. ఆయన గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ క్షణాన నాకు ఆయన మీద జాలి వేయలేదని చెప్తే అబద్ధం. కానీ కదలలేదు. ఆయన వెనక్కి తిరిగి వానలోకి పోయాడు. కాసేపటికి పైన గడ్డపార చప్పుడు వినపడింది. మేస్త్రి లేడు, ఎవరూ లేరు. ఆయనే ఆ వానలో మిద్దె ఎక్కి, వెనక దొడ్డి వైపు గచ్చు పిట్టగోడను పగలగొట్టి నీటికి దారి చేస్తున్నాడు. దోనె నోటికి మట్టి కూరాడు. మా కాలువలో నీరు సన్నబడి ఆగిపోయింది. ఆయన పట్టు తడవలేదు. మా మగ్గం తడవలేదు.

నాలుగో రోజు పొద్దున ఎండ వచ్చింది. మా వీధిలో ఏడెనిమిది ఇళ్ళు పడ్డాయి, చాలా మిద్దెలు దిగబడ్డాయి. మా సగం నిలబడింది, వెనక గోడ తప్ప.

బావ ఆ తరువాత మూడేళ్ళు నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే నేనూ తల తిప్పుకోలేదు, ఆయనే తిప్పుకునేవాడు. దోనెను మాత్రం వేసవిలో దొడ్డి వైపుకు శాశ్వతంగా మార్పించాడు. అత్త అప్పుడప్పుడు మా వైపు వచ్చి కూర్చునేది. ఎందుకు వచ్చావని మేము అడగలేదు, ఎందుకు వచ్చానని ఆమె చెప్పలేదు.

మా ఆయన కాలు బాగయింది కానీ పొట్టిదైంది. మగ్గం గుంటలో కాలు ఆడించడానికి మొదట్లో ఇబ్బంది పడ్డాడు. కుడికాలి కింద చెక్కముక్క పెట్టుకుని అలవాటు చేసుకున్నాడు. వెనక గోడ సంక్రాంతి లోపే ఇద్దరం కలిసి లేపాం. ఆయన కూర్చుని రాళ్ళు అందించాడు, నేను పేర్చాను. గోడ కొంచెం వంకరగా వచ్చింది. మేస్త్రి ఆ దారిన పోతూ నిలబడి చూసి, మట్టి ఇంకొంచెం పల్చగా కలుపుకోమన్నాడు. సరేనన్నాను.

మరుసటి ఏడు చవితి దాటాక రెండిళ్ళ అవతలి ఆమె వచ్చింది. నేను మిద్దె ఎక్కినప్పుడు కింద నిలబడి పెద్దగొంతుతో అందరికంటే ఎక్కువ మాట్లాడింది ఆమే. మా చౌడు ఒకసారి చూసి పెట్టు అని అడిగింది. వాళ్ళాయన మగ్గం దిగడట, మేస్త్రికి తీరదట. ఆమె అన్న మాటలు నాకు ఒక్కటీ మరుపు రాలేదు. అయినా పోయాను. ఆమె మిద్దె మీది చౌడు చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకున్నాను. చప్పగా ఉంది. ఇది పనికిరాదు, అంతా తీసేయాలి, నువ్వు కూడా పైకెక్కి పని చేయాలి అన్నాను. మగవాళ్ళు చూస్తారే అని ఆమె గొణిగింది.

“సూడనీ,” అన్నాను. ఆమె కుచ్చెళ్ళు బిగించి నిచ్చెన ఎక్కింది.